చుక్కల ఓడకు రెండో వైపు

అనగనగనగా, సముద్రం ఊళ్ళకు ఇంకాస్త చేరువగా ఉన్న రోజుల్లో, తరంగపురమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని జయకేశి మహారాజు ఏలుతుండేవాడు. ఆయనకు నాటకాలంటే ప్రాణం. ప్రజలకూ అంతే.

అన్ని నాటకాల్లోకీ వాళ్ళకు ఒకటంటే మరీ ఇష్టం. అందులో ఒక రాజకుమారి ఓడ ఎక్కి ఆకాశంలోకి వెళ్తుంది. మబ్బులు దాటి, చంద్రుణ్ణి దాటి, చుక్కల్లో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతికి తెస్తుంది. రంగస్థలం మీద నిజంగానే ఒక ఓడ గాల్లోకి లేచేది. పైన దూలానికి కట్టిన తాడు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తేలుతూ పోయేది. రాజకుమారి వేషం కట్టినామె ఓడ అంచున కూర్చుని పాడుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. దాన్ని అందరూ చుక్కల ఓడ అనేవారు.

ఒక వేసవిలో నాటకశాలకు నిప్పంటుకుంది. మనుషులందరూ బయటపడ్డారు. ఓడ మాత్రం బూడిదైపోయింది. దాన్ని చేసిన వడ్రంగి అంతకుముందే కాలం చేశాడు. మేళంలోని నటులు తలో దేశం పోయారు. ఏళ్ళు గడిచాయి. చుక్కల ఓడ పెద్దల కబుర్లలోనూ, పిల్లల ఆటబొమ్మల్లోనూ మాత్రమే మిగిలింది.

ఆ బొమ్మలు చేసేది సంపెంగి. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. తేలికైన పొణికి కర్ర చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, రంగులు వేసేది. ఆమె చేసే ఓడ గుమ్మడికాయలా బొద్దుగా, ఎర్రగా ఉండేది. ముక్కు మీద రెండు చిలకలు, కింద లాక్కుపోవడానికి నాలుగు చక్రాలు. అసలు ఓడకు చిలకలూ లేవు, చక్రాలూ లేవు. పిల్లలకు ఆ సంగతి పట్టేది కాదు.

ఇలా ఉండగా ఒకనాడు తరంగపురానికి కొత్త మేళం ఒకటి వచ్చింది. అందులో విద్యుల్లత అనే పడుచుపిల్ల బాగా పాడేది. ఆమె రాజుగారికి మొక్కి అడిగింది.

"మహారాజా! వసంతోత్సవానికి చుక్కల ఓడ నాటకం మళ్ళీ ఆడతాం. రాజకుమారి వేషం నేను కడతాను. అనుమతి ఇప్పించండి."

రాజు మొహం వెలిగిపోయింది. వెంటనే ఆస్థాన వడ్రంగులను పిలిపించాడు. వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ప్రభూ, పెద్ద ఓడ కట్టడం మాకు చేతనవును. కానీ దేన్ని చూసి కట్టాలి?"

అప్పుడు రాజు దండోరా వేయించాడు. "అసలు చుక్కల ఓడ ఎలా ఉండేదో అచ్చం అలాగే చిన్న ఓడ చేసి తెచ్చినవారికి గొప్ప సన్మానం! ఆ చిన్న ఓడను చూసే పెద్ద ఓడ కడతాం!"

ముగ్గురు ముందుకొచ్చారు. చూసి చేయడానికి వేరే ఏదీ లేదు కనుక ముగ్గురూ బొమ్మ ఓడతోనే మొదలుపెట్టారు.

మొదటివాడు ఆస్థాన శిల్పి హేమాచార్యుడు. ఆయన బొమ్మకు బంగారు రేకు తొడిగాడు. చిలకలు తీసేసి హంసలను చెక్కాడు. అటూ ఇటూ ముత్యాల తోరణాలు కట్టాడు. "అసలు ఓడకన్నా అందంగా ఉంటే ఎవరు కాదంటారు?" అనుకున్నాడు.

రెండోవాడు రత్నశ్రేష్ఠి అనే వర్తకుడు. చాలా తెలివైనవాడని ఆయనకు పేరు. ఆయన బజారులో నిలబడి, కనబడినవారినల్లా అడిగాడు. ఒకరు తెరచాప నీలమన్నారు, ఒకరు పసుపన్నారు. ఆయన రెండూ పెట్టాడు. ఒకరు మూడు జెండాలన్నారు, ఒకరు ఏడన్నారు. ఆయన పది పెట్టాడు. ఎవరూ చెప్పలేనివి ఎదురైతే తన తెలివితో పూరించాడు.

మూడో మనిషి సంపెంగి.

ఆమె తన చేత్తో చేసిన బొమ్మనే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "నువ్వు ఆడుకోవడానికి పుట్టావు. ఇప్పుడు నిన్ను నమ్మి ఒక పిల్ల గాల్లోకి ఎగరాలి," అంది. ఉలి తీసుకుని ముందు చక్రాలు ఊడదీసింది. తరవాత చిలకలు కోసేసింది. చిలకల దగ్గర చెయ్యి కొంచెం ఆగింది. అవి చెక్కడం తండ్రి మొట్టమొదట నేర్పిన పని.

కొలత లేనిదే పని సాగదు. ఆమె విద్యుల్లతను ఇంటికి పిలిచి, తల నుంచి మడమ దాకా దారంతో కొలిచింది. ఆ దారాన్ని సగానికి మడిచింది. మళ్ళీ సగానికి, ఇంకా సగానికి, మరొక్క మారు. చివరికి బెత్తెడు దారం మిగిలింది. ఆ పొడవుకు ఒక చిన్న పిల్లబొమ్మ చెక్కింది.

"ఇదెందుకక్కా?" అంది విద్యుల్లత.

"ఇది నువ్వే. పాత రాజకుమారికి ఓడ ముక్కు ఎక్కడిదాకా వచ్చేదో, అంచు ఎక్కడిదాకా వచ్చేదో చూసినవాళ్ళు చెబితే, ఈ బొమ్మ పక్కన పెట్టి చెక్కుతాను."

మొదట ఆమె మద్దెల వాయించిన తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన నాటకమంతా రంగస్థలం ముందు నేల మీద కూర్చునేవాడు. "ఓడ అడుగు గుండ్రం కాదమ్మా, అరటి దొప్పలా కోసుగా ఉండేది. నా కళ్ళెదుటే పోయేదిగా!" అన్నాడు. సంపెంగి ఆ గుమ్మడికాయ పొట్టను కోసుగా చెక్కింది.

తరవాత దివిటీలు పట్టిన ముసలాయన దగ్గరికి వెళ్ళింది. "ఎరుపే, కానీ ఏం ఎరుపు? మా దివిటీల పొగకు నల్లబడి, పాత ఇటుక రంగుకు వచ్చింది," అన్నాడు. సంపెంగి మెరిసే ఎర్రరంగును గీకేసి, దీపపు మసి కలిపి మళ్ళీ పూసింది.

చివరికి అంతఃపురంలో రాజుగారి అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఆమె ఎప్పుడూ మొదటి వరుసలో కూర్చునేది. "రాజకుమారి లేచి నిలబడితే ముక్కు ఆమె భుజం దాకా వచ్చేది. కూర్చునేది సరిగ్గా మా వైపు అంచునే," అంది.

"మరి అవతల, వెనక తెర వైపు ఎలా ఉండేదమ్మా?" అని అడిగింది సంపెంగి.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అటువైపా? చూడలేదే! ఓడ ఎప్పుడూ ఒకే పక్కకు పోయేది. మాకు కనిపించేది ఇటువైపే."

సంపెంగి వెనక్కి పోయి ముసలాయననూ తాతనూ అడిగింది. వాళ్ళూ అదే మాట. ఓడకు జనం వైపున్న పక్కను అందరూ చూశారు. తెర వైపు ఎవరూ చూడలేదు. దాని సంగతి తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరు కూడా లేరు.

సంపెంగి కుంచె చేతిలో పట్టుకుని రెండో వైపును చూస్తూ కూర్చుంది. పూయడానికి రంగు ఉంది. చెక్కడానికి పనితనం ఉంది. తెలిసింది మాత్రం ఏమీ లేదు. చివరికి కుంచె కడిగి పక్కన పెట్టింది. ఆ వైపు తెల్లటి కర్ర అలాగే ఉండిపోయింది.

సభ రోజు వచ్చింది. జనం కిటకిటలాడుతున్నారు. హేమాచార్యుడి ఓడ మీది గుడ్డ తీయగానే "ఆహా!" అన్నారు. రత్నశ్రేష్ఠి ఓడను చూసి చప్పట్లు కొట్టారు. సంపెంగి తన ఓడ పెట్టింది. దానికి జనం వైపున్న పక్కను చూసి పెద్దవాళ్ళు "ఇదే, ఇదే!" అంటూ దగ్గరికి జరిగారు. మద్దెల తాత కళ్ళు తుడుచుకున్నాడు. అంతలో ఎవరో ఓడను అటు తిప్పారు. సభంతా ఘొల్లున నవ్వింది.

"సగం పనితో వచ్చావా?" అన్నాడు రాజు, కోపంగా.

"క్షమించండి ప్రభూ. అటువైపు ఎలా ఉండేదో నాకు తెలియలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెక్కలేకపోయాను."

"జనం వైపు ఎలా ఉంటే తెర వైపూ అలాగే ఉంటుంది," అని నవ్వాడు రత్నశ్రేష్ఠి. "ఆ మాత్రం ఊహించుకోలేకపోయావా?"

అప్పుడు విద్యుల్లత లేచింది. "మహారాజా, ఆ ఓడ ఎక్కాల్సింది నేను. వీళ్ళను ఒక్క మాట అడగనిస్తారా?"

రాజు తల ఊపాడు.

"ఆచార్యులవారూ, అటువైపు ఇలాగే ఉండేదని మీకెవరు చెప్పారు?"

"నా కళ చెప్పింది," అన్నాడు హేమాచార్యుడు.

"శెట్టిగారూ, మీకు?"

"నా తెలివి చెప్పింది," అన్నాడు రత్నశ్రేష్ఠి.

"అక్కా, నీకు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నాకు తెలియదు," అంది సంపెంగి.

విద్యుల్లత రాజువైపు తిరిగింది. "అయితే నేను ఈ అక్క ఓడే ఎక్కుతాను. ఇందులో ఏది నిజమో, ఏది ఇంకా తెలియదో నాకు కనిపిస్తోంది. మిగతా రెండింటిలో అది కనిపించడం లేదు."

సభలో గుసగుసలు బయలుదేరాయి. అంతలో జనం వెనక నుంచి ఒక ముసలావిడ కర్ర ఊతగా ముందుకొచ్చింది. ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె సంపెంగి ఓడను చేతుల్లోకి తీసుకుని, తెల్లటి కర్ర మీద వేళ్ళతో నిమిరింది.

"నేను తిలకమ్మను ప్రభూ. ఆ ఓడ అంచున కూర్చుని పాడినదాన్ని. దండోరా సంగతి విని పొరుగుదేశం నుంచి వచ్చాను."

రాజు సింహాసనం మీద నుంచి లేచాడు. "ఇంతసేపూ ఎందుకు మాట్లాడలేదు తల్లీ?"

"మొదటి రెండు ఓడలూ చూశాను. అన్నీ తెలిసినవాళ్ళు చేసినట్టున్నాయి. ముసలిదాన్ని, నా జ్ఞాపకమే తప్పేమో అనుకున్నాను. ఈ అమ్మాయి ఇక్కడ ఖాళీ ఉంచింది. అది చూశాక నా మాటకు కూడా ఇక్కడ చోటుందనిపించింది."

తరవాత ఆమె నెమ్మదిగా చెప్పింది. "తెర వైపు బొమ్మలూ లేవు, రంగులూ లేవు. ఇలాగే వట్టి కర్ర. అంచు కింద మాత్రం ఇక్కడ ఒక పెద్ద రాయి కట్టేవాళ్ళు. నేను జనం వైపు కూర్చునేదాన్ని కదా, నా బరువుకు ఓడ అటు ఒరిగిపోకుండా ఆ రాయి ఇటు లాగి పట్టేది. అది లేకపోతే నేనెప్పుడో కింద పడి ఉండేదాన్ని."

రాజు మూడు ఓడలనూ తాళ్ళతో వేలాడదీయించాడు. హేమాచార్యుడి ఓడ అంచున పిల్లబొమ్మను కూర్చోబెట్టారు. ఓడ ఒక్కసారిగా ఒరిగింది, బొమ్మ నేల మీద పడింది. రత్నశ్రేష్ఠి ఓడ నుంచీ పడింది. సంపెంగి ఓడకు తిలకమ్మ చూపించిన చోట చిన్న గులకరాయి కట్టి, అంచున బొమ్మను కూర్చోబెట్టారు. ఓడ అటూ ఇటూ ఊగి, నిలకడగా ఆగింది. బొమ్మ కదలలేదు.

సభలో ఒక్కరూ నవ్వలేదు. కింద పడ్డ బొమ్మను హేమాచార్యుడు వంగి తీశాడు. దాన్ని చూసి, విద్యుల్లతను చూసి, తల దించుకున్నాడు.

"అమ్మా సంపెంగీ, జనం వైపు నువ్వు చేసినట్టే పెద్ద ఓడకు నేను చెక్కిపెడతాను. పొగరంగు ఎలా కలపాలో నాకు చూపిస్తావా?" అని అడిగాడు.

"తప్పకుండా ఆచార్యా. నాకన్నా మీ చెయ్యి బాగా తిరిగింది," అంది సంపెంగి.

అందరూ కలిసి పనిచేశారు. తెరచాపకు గుడ్డ, దూలానికి గట్టి తాళ్ళు రత్నశ్రేష్ఠి తెప్పించాడు. బెత్తెడు బొమ్మకు ఎంత ఓడ ఉందో, నిలువెత్తు మనిషికి అదే లెక్కన పెద్ద ఓడ లేచింది.

వసంతోత్సవం నాడు కొత్త నాటకశాల కిక్కిరిసింది. మద్దెల మోగింది. ఓడ మెల్లగా గాల్లోకి లేచింది. అంచున కూర్చున్న విద్యుల్లత పాట అందుకుంది. ఆ గొంతులో భయం లేదు. ముందు వరుసలో తిలకమ్మ పెదవులు కదుపుతూ ఆమెతో పాటే పాడుకుంది. తను ఎక్కిన ఓడను జనం వైపు నుంచి చూడడం ఆమెకు అదే మొదటిసారి. రాజు సంపెంగిని సన్మానించి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆమె మాత్రం తాడు వంకా, రాయి వంకా చూస్తూనే ఉంది. ఓడ చుక్కలన్నీ దాటి, తమ్ముణ్ణి ఎక్కించుకుని, క్షేమంగా నేలకు దిగాకే ఆమె అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

పిల్లలూ, తెలియనిచోట తెలియదని చెప్పి ఖాళీ ఉంచినవారి దగ్గరికి నిజం తనంతట తానే వస్తుంది. తెలిసినట్టు నింపేసుకున్నవారి దగ్గర దానికి చోటుండదు.