గండడి తోలు పట్టెడ

గుట్ట మీది సింహానికి ఒళ్లు బరువు, కునుకు ఎక్కువ. ఏటి అవతలి తోడేళ్లను తరమాలంటే బద్ధకం. అందుకని ఎడారి నుంచి వచ్చే ఒంటె దగ్గర వేటకుక్క పిల్లల్ని కొని, మెడలకు తోలు పట్టెడలు కట్టి, రేవుకు కాపలా పెట్టింది.

ఎంత చిత్రమో చూడండి, అరచేతిలో పట్టే ఆ పిల్లలే పెరిగి జాగిలాలయ్యాయి. వాటిలో గండడు అనేవాడు ఒకనాడు అడిగాడు, "తోడేళ్లను తరిమేదెవరు?"

"మనమే."

"మరి ముందు తినేదెవరు?"

అంతే. ఆ మధ్యాహ్నమే జాగిలాలన్నీ మీదపడితే సింహం గుట్ట దిగిపోయింది.

గద్దెక్కిన గండడు ఒక కట్టు పెట్టాడు. "పట్టెడ లేని మెడకు గద్దె లేదు. ఇక్కడే పుట్టి మెత్తటి ఎముకలు చప్పరించినవాడు మనల్ని కాయలేడు." కొత్తగా కొన్న ప్రతి పిల్లకూ పాలు పట్టకముందే ఈ మాట పట్టించాడు. గుట్ట చల్లగా ఉంది.

ఆ తర్వాత గండడికి కొడుకు పుట్టాడు. కాకిపిల్ల కాకికి ముద్దు! వాడి నున్నటి మెడ నాకుతూ, "నా తర్వాత గద్దె నీదేరా. అడ్డొచ్చినవాడి సంగతి నేను చూస్తా" అన్నాడు. ఇక ఆ పట్టు వదల్లేదు.

చిన్ననాటి నేస్తం కర్రెడు మొత్తుకున్నాడు. "ఒరే గండా, కట్టు పెట్టింది నువ్వేరా!"

"పెట్టినవాణ్ణి, విప్పలేనా?"

తోడేళ్ల ఎంగిలికి ఆశపడే నక్క మెల్లగా చెవి దగ్గర చేరింది. "దొరా, ముసలి జాగిలాలు ఒప్పుకోవు. వాటిని రేవు నుంచి లేపి బోడికొండ అవతలికి పంపండి. కొత్త పిల్లల్ని కొనండి. మీ కూడు తిన్నవాళ్లు మీ మాట దాటతారా?"

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, గండడు పాత నేస్తాలను పంపేశాడు. కర్రెడు పోతూ పోతూ ఏటివైపు ఒక్కసారి చూశాడు.

కొత్త పిల్లలు ఏపుగా ఎదిగాయి. గండడు కొడుకును తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టాడు. ఒక్క తోకా ఆడలేదు.

"అయ్యా, చిన్నదొరగారి పట్టెడ ఏదీ?"

"నా కొడుకురా వాడు!"

"మీరే కదయ్యా మాకు నేర్పారు?"

గండడు తన పట్టెడ ఊడబీకి కొడుక్కి కట్టబోయాడు. అది ఏనాడో చర్మంలో దిగిపోయింది. నెత్తురొచ్చింది గానీ పట్టెడ రాలేదు. తిన్న కూడు తలచినవాళ్లు ఇటు, నేర్చిన కట్టు తలచినవాళ్లు అటు, కుక్కలన్నీ కరుచుకున్నాయి. కాపలా లేని రేవులో నిలబడి నక్క కూసింది, "రండి బావా, దారి ఖాళీ!"

పొద్దు వాలకముందే గుట్ట తోడేళ్లదైంది.

కొడుకును వెంటబెట్టుకుని కుంటుతున్న గండడికి ఎడారి దారిలో ఒంటె ఎదురైంది. "కుర్రాడు బాగున్నాడే! అమ్ముతావా? పట్టెడ నేనే కడతా. ఎక్కడో ఒకచోట గద్దెక్కుతాడు."

గండడు ఆ నున్నటి మెడను తన గడ్డం కింద దాచుకుని, ఆగకుండా నడిచాడు.

పదిమందికి నేర్పిన కట్టు మన గడప దగ్గర ఆగదు.