ఫొటో అంచున మరక

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. ఇది తెలిసినవాళ్లున్న ఊరికి మీరు చాలా దూరంలో పెరుగుతున్నారు. ఇది నవ్వొచ్చే కథ కాదు. అయినా చివరిదాకా వినండి.

సాలూరులో హైమవతి అనే ఇల్లాలు ఉండేది. ఎక్కడ మరక కనిపించినా తుడిచేసేదాకా ఆమె మనసు కుదురుగా ఉండేది కాదు. అది ఏం మరకో, ఎలా వచ్చిందో మాత్రం ఎవరినీ అడిగేది కాదు. ఆమె భర్త గౌరునాయుడు లారీలకు బాడీలు కట్టే షెడ్డులో రంగులు వేసేవాడు. అతను సాయంత్రం ఇంటికి రాగానే హైమవతి కిరసనాయిలు గుడ్డతో గుమ్మంలోనే నిలబెట్టి చేతులు తుడిచి గానీ లోపలికి రానిచ్చేది కాదు. అత్తగారు సన్యాసమ్మ అది చూసి నవ్వేది. ఏదో ఒకరోజు కోడలు తనని కూడా ఉతికి దండెం మీద ఆరేస్తుందని ఇరుగుపొరుగుతో అనేది.

వాళ్ల ముందుగదిలో గోడకు పాత ఫొటో ఒకటి ఉండేది. గౌరునాయుడు చంటిబిడ్డగా ఉన్నప్పుడు జాతరలో తీయించుకున్నది. వెనక కొలను, మెట్లు, హంసలు వేసిన తెర. దాని ముందు కుర్చీలో గౌరునాయుడి తండ్రి, పక్కన ఒళ్లో బిడ్డతో సన్యాసమ్మ. ఆ ఇంట్లో అప్పటి ఫొటో అదొక్కటే. సన్యాసమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆ ఫొటో అద్దం మీద చెయ్యి వేసేది. ఆ తరవాతే టీ తాగేది. పోయిన భర్త మీద ప్రేమ కాబోలని అందరూ అనుకునేవారు. హైమవతి కూడా ఆ మాటే అని ఆటపట్టించేది. సన్యాసమ్మ ఔననీ కాదనీ అనేది కాదు. ఆమె అటు వెళ్లగానే హైమవతి అద్దం మీద పడిన వేలిముద్రలు తుడిచేసేది.

ఒక వానాకాలం గోడ చెమ్మెక్కి ఆ ఫొటోకి చెద పట్టింది. అప్పటికి హైమవతి ఫోనులో ఫొటోలు బాగుచేయడం కొత్తగా నేర్చుకుంటోంది. వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. మొదట్లో ఆమె చేతిలో పడ్డవాళ్లు ఎవరూ బాగుపడలేదు. తమ్ముడి ముఖం తెల్లగా చేయబోతే పిండిమరలోంచి వచ్చినవాడిలా తయారయ్యాడు. పెళ్లి ఫొటోలో వెనకున్న స్తంభాన్ని తీసేయబోతే దాంతోపాటు పెదనాన్న చెవి కూడా పోయింది. కానీ ఆమెకు ఓపిక ఎక్కువ. కొన్నాళ్లకి చెయ్యి తిరిగింది. ముడతలు పోయేవి, వెలిసిన చీరలకు రంగు వచ్చేది, చిరిగిన చోట్లు అతుక్కునేవి. బంధువుల వాట్సాప్ గ్రూపులో అందరూ ఆమెను మెచ్చుకునేవారు.

వరసకు మరిది అయిన ఒకతను, "వదినా, నీ చేత్తో నా బట్టతల మీద కూడా నాలుగు వెంట్రుకలు నాటెయ్, పుణ్యముంటుంది" అన్నాడు. హైమవతి నాటింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పొగడ్తలు ఆమెకు బాగా నచ్చాయి.

సన్యాసమ్మ మక్కువ అనే ఊళ్లో ఉన్న తమ్ముడింటికి శుభకార్యానికి వెళ్లింది. ఆమె తిరిగొచ్చేలోపు జాతర ఫొటోని కొత్తదాన్ని చేసి ఆశ్చర్యపరచాలని హైమవతి అనుకుంది. ఫ్రేము విప్పి, ఎండ వెలుతురులో పెట్టి, ఫోనుతో ఫొటో తీసింది. చెద తిన్న చోట్లు పూడ్చింది. మామగారి మీసం నల్లబరిచింది. అత్తగారి మోకాలి పక్కన, సరిగ్గా ఫొటో అంచున, తెల్లగా ఒక మరక కనిపించింది. గంజి ఒలికి సాగినట్టుగా ఉంది.

భుజం మీంచి చూస్తున్న గౌరునాయుడు, "అది ముందునుంచీ ఉందే. అమ్మొచ్చాక ఒకమాట అడుగుదామా?" అన్నాడు.

"మరకని అడిగేదేముందండీ! ఉతికే ముందు చొక్కాని అడుగుతామా?" అంది హైమవతి.

అతను నవ్వేసి స్నానానికి వెళ్లిపోయాడు. ఆమె వేలితో రుద్దింది. తెర మీది కొలను నీళ్లు వచ్చి ఆ చోటంతా నిండాయి. మార్చినదాన్ని పాతదాని మీదే దాచాలా, వేరుగా దాచాలా అని ఫోను అడిగింది. పాడైన ఫొటో మళ్లీ ఎందుకు, ఫోనులో చోటు దండగ అనుకుని పాతదాని మీదే దాచింది. ఫోను చెత్తబుట్టలో పడినవాటిని కూడా అప్పుడే ఖాళీ చేసింది.

ఇక మిగిలింది చెద పట్టిన అసలు ఫొటో. పెద్దవాళ్ల బొమ్మని చెత్తలో పడేయకూడదు కదా. చిరిగిన దేవుడి పటాల్ని ఏటిలో వదిలినట్టే, దానికి పసుపు రాసి, ఒక పువ్వు పెట్టి, వేగావతి ఒడ్డుకి వెళ్లి దండం పెట్టి నీళ్లలో వదిలింది. ఏరు నిండుగా పారుతోంది. మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికి వచ్చింది.

సన్యాసమ్మ ఊరినుంచి వచ్చేసరికి గోడమీద కొత్త ఫొటో, కొత్త ఫ్రేము, తళతళలాడే అద్దం. ఆమె నిజంగానే సంతోషించింది. మీ మావ మళ్లీ పెళ్లికొడుకయ్యాడని కోడలితో అంది. అలా అంటూనే అలవాటుగా చెయ్యి చాపింది. ఆ చెయ్యి భర్త ముఖం మీదికి వెళ్లలేదు. ఫొటో అంచుకి వెళ్లి ఆగింది. వెలుతురు తిరకాసనుకుందో ఏమో, పక్కకి జరిగి చూసింది. కొంగుతో అద్దం తుడిచి చూసింది.

"పైడేదమ్మా?" అంది.

"పైడెవరత్తా?" అంది హైమవతి.

సన్యాసమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంది. ఎన్నడూ చెప్పని మాట అప్పుడు చెప్పింది. గౌరునాయుడికి ముందు ఆమెకొక ఆడపిల్ల పుట్టింది. పేరు పైడితల్లి. జాతరలో ఫొటో తీసేవాడు కదలొద్దంటే ఆ పిల్ల వినలేదు. తండ్రి పక్కనుంచి కుర్చీల చుట్టూ తిరిగి తల్లి దగ్గరికి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఫొటో పడింది. పిల్ల రూపం పడలేదు, పరుగు మాత్రం తెల్లగా పడింది. ఆ ఏడే జ్వరం వచ్చి పిల్ల పోయింది. పోయినదాని పేరెత్తితే ఉన్న బిడ్డకి మంచిది కాదని తండ్రి ఆ పేరు ఇంట్లో వినపడనివ్వలేదు. గౌన్లు కూడా ఎవరికో ఇచ్చేశాడు. ఆ పిల్ల ఈ భూమ్మీద తిరిగిందనడానికి మిగిలిన గుర్తు ఆ మరక ఒక్కటే.

గౌరునాయుడు తలుపు దగ్గర నిలబడిపోయాడు. తనకొక అక్క ఉండేదని తెలిసేసరికే ఆమె ఆనవాలు పోయింది.

హైమవతి ఫోనంతా వెతికింది. గ్రూపులో అందరినీ అడిగింది. అందరి దగ్గరా ఆమె దిద్దిన ఫొటోనే ఉంది. ఫొటో స్టూడియోకి పరుగెత్తింది. చెరిపింది కింద ఎక్కడో దాగి ఉండదనీ, పక్కనున్న రంగు తెచ్చి అక్కడ నింపడమే జరుగుతుందనీ స్టూడియో అతను చెప్పాడు. వేగావతి ఒడ్డు వెంట నడిచి తుప్పల్లో కూడా చూసింది. వాన నీరు ఎప్పుడో దాటిపోయింది.

సన్యాసమ్మ కోప్పడలేదు. మర్నాటినుంచి ఫొటో దగ్గరికి వెళ్లడం మానేసి, స్నానం కాగానే నేరుగా టీ గ్లాసు పట్టుకుని వీధరుగు మీద కూర్చునేది. తిట్టినా బాగుండునని హైమవతి ఏడ్చింది.

అప్పుడైనా ఊరుకోవలసింది. చెరిపిన చేత్తోనే మళ్లీ తెస్తానని మొండిగా కూర్చుంది. పిల్ల ఎలా ఉండేదని అత్తగారిని అడిగింది. అన్నేళ్ల తరవాత ఎవరో అడిగేసరికి సన్యాసమ్మ ఆత్రంగా చెప్పింది. పసుపు గౌను, నడినెత్తిన చిన్న పిలక, చామనచాయ. హైమవతి చుట్టాల పిల్ల ఫొటో ఒకటి తీసుకుని, గౌను రంగు మార్చి, పిలక పెట్టి, ఆ అంచున నిలబెట్టింది. చక్కగా అతికింది. కొత్తగా ప్రింటు తీయించి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

సన్యాసమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బావుందమ్మా. ఎవుల పిల్ల?" అంది.

"మన పైడే అత్తా."

"కాదమ్మా. పైడి నిలబడనేదు కదా" అంది సన్యాసమ్మ.

హైమవతి ఆ ఫొటోని పెట్టె అడుగున దాచేసింది. కానీ ఆలస్యమైపోయింది. కొన్నాళ్లకి సన్యాసమ్మ కొత్త బాధ ఒకటి చెప్పుకుంది. కళ్లు మూసుకుంటే కూతురు కనిపించడం లేదట. ఫొటోలోని ఆ చుట్టాల పిల్లే వచ్చి నిలబడుతోందట. పొమ్మన్నా పోవడం లేదట. రానురాను ఆమె పైడి ముఖాన్నీ, తరవాత గొంతునీ మరిచిపోయింది. ఆ మరకనైనా చూసి పోల్చుకుందామంటే అదీ లేదు.

ఒకరోజు హైమవతి ఆమెకు తల దువ్వుతుంటే సన్యాసమ్మ నెమ్మదిగా అడిగింది.

"నాకొక పిల్ల ఉండేదంటావా హైమా? నేనే ఊహించుకున్నానంటావా?"

"ఉండేదత్తా."

"నువ్వు చూసేవా?"

హైమవతి చూసింది. ఈ లోకంలో ఆ పిల్లని చివరిసారి చూసింది ఆమే. ఎంత మేర ఉందో, ఎటు వంగి ఉందో చెబుదామని గుర్తు తెచ్చుకోబోయింది. తన వేలు రుద్దడమే గుర్తొచ్చింది గానీ, ఆ వేలి కింద ఏముందో గుర్తు రాలేదు. ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. సన్యాసమ్మ ఇంకొంచెం సేపు జవాబు కోసం చూసి, తరవాత అడగడం మానేసింది.

పిల్లలూ, మనకి మరకలా కనిపించేది ఇంకొకరికి ప్రాణం కావచ్చు. కాబట్టి తెలిసినవాళ్లని అడగకుండా దేన్నీ చెరపకూడదు. ఈ కథని మీ తరవాతి వాళ్లకి కూడా చెప్పండి. ముగింపు బాధగా ఉందని మాత్రం మార్చకండి, ఉన్నదున్నట్టే చెప్పండి.