పాచిచీర పెద్దమ్మ

మంగినపాలెం రేవుకు దక్షిణాన, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే నడిచి చేరగలిగే బండపై పాచిచీర పెద్దమ్మ కొలువై ఉంది. ఈ తల్లికి అభిషేకం లేదు, పసుపు లేదు. మెట్ల దగ్గర పెద్ద అక్షరాలతో రాయించినా, చదువుకున్నవారే పాల ప్యాకెట్లు పట్టుకుని దిగుతారు. అడ్డుకుంటే "ఇదెక్కడి ఆచారం?" అని మండిపడతారు. ఎక్కడిదో తెలుసుకుని మండిపడితే బాగుంటుంది.

పూర్వం ఇక్కడ వానాకాలంలో నెత్తురు బంక విరేచనాలు ఇల్లిల్లూ తిరిగేవి. సూరాడ బండెమ్మ అనే జాలరి స్త్రీ భర్త గురప్ప ఆ జబ్బుతో మంచం పట్టాడు. ఒకనాడు ఆలిచిప్పలు ఏరి అలసి గట్టున కునుకు తీసిన బండెమ్మకు కలలో తడిజుట్టు స్త్రీ కనిపించింది. తన ఒంటిమీది పాచిని చిప్పతో గీకి, గంజిలో మరిగించి తాగించమంది. మొదళ్లు మాత్రం ఉంచమంది. కళ్లు తెరిస్తే ఎదురుగా పాచి కప్పిన ఈ బండ. నాలుగు రోజుల్లో గురప్ప లేచి కూర్చున్నాడు. ఆ మందుతోనే పేటంతా బాగుపడింది.

అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కులపెద్ద మాసేనుకు భక్తి పొంగుకొచ్చింది. కొబ్బరిపీచు, బూడిద తెప్పించి బండను తోమించబోయాడు.

"ఆ పాసే మందు, పెద్దయ్యా. తోమొద్దు," అని బండెమ్మ అడ్డం పడింది.

"అమ్మోరిని పాసితో వుంచుతామేటే? పొరుగూరోలు నవ్విపోరా?" అన్నాడు మాసేను.

బండ నున్నగా మెరిసింది. పసుపు పూశారు, డప్పులు కొట్టారు. నలుగురి మెప్పు కోసం మందును మట్టుపెట్టి, దానికి పూజ అని పేరు పెట్టారు.

ఆ వానలకే జబ్బు తిరిగొచ్చింది. బండెమ్మ ఏడేళ్ల కూతురు పైడి పడకేసింది. తల్లి గోళ్లు చిట్లేలా గీకినా బండ మీద పసుపు తప్ప ఏమీ రాలేదు. మూడో రోజు పైడి చనిపోయింది.

పెద్దమ్మ మాసేను కలలోకి వచ్చింది. "పాసి నా సీర. నలుగురిలో నా సీర వొలిసి పసుపు పూత్తావా?" అని గర్జించింది. మరునాటి నుంచి బండెమ్మ తెడ్డు పట్టుకుని బండకు కాపలా కాసింది, మళ్లీ పాచి పట్టేదాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు.

తొలి పాచి చిగిర్చిన వారానికే మాసేను మనవడికి జబ్బు చేసింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి అతడు చేయి చాచాడు. బండెమ్మ తెడ్డు మీద పిడికిలి బిగించింది. చివరికి చిటికెడు గీకి, "నీకు కాదు, పిల్లోడికి," అని ముఖం తిప్పుకుని చేతిలో వేసింది. పిల్లవాడు బతికాడు.

నేటికీ బండెమ్మ వంశపు ఆడపడుచే చిప్పతో పాచి గీకి ప్రసాదంగా ఇస్తుంది. గంజితో పుచ్చుకున్నవారి కడుపు చల్లగా ఉంటుందని భక్తుల నమ్మకం. మాసేను వంశీయులు మాత్రం బండ ఎక్కరు, నీళ్లలోనే నిలబడి అడుగుతారు. ఆమె వారి ముఖం చూడదు. ఒక్కసారి కూడా లేదనలేదు.