నూట ఎనభయ్యో మెట్టు

"వచ్చే ఉగాది నాటికి ఈ కొండ ఆఖరి మెట్టు దాకా ఇంటర్నెట్ తీగ లాగిస్తాను. ఆఖరి ఇంట్లో వీడియో ఆడకపోతే నన్ను ఇవే మెట్ల మీద నిలబెట్టి అడగండి."

మైకులో ఈ మాట అన్న కార్పొరేటరు మెడలో అప్పటికి ఏడు దండలున్నాయి. ఉగాది వచ్చింది, వెళ్ళింది. ఇంకో ఉగాది కూడా వచ్చి వెళ్ళింది. తీగ మాత్రం నూట యాభయ్యో మెట్టు దగ్గరున్న స్తంభం దాకా వచ్చి, అక్కడే చుట్ట చుట్టుకుని కూర్చుంది. మెట్ల మీద నిలబెట్టి అడుగుదామంటే, ఆయన మళ్ళీ ఆ మెట్లెక్కితే కదా! బెజవాడ కొండల మీద డబ్బున్నవాడు కిందుంటాడు, లేనివాడు పైకి పోతాడు. ఎంత లేకపోతే అంత పైకి. పైవాళ్ళకిచ్చిన మాట కిందే జారిపోతుందని వేరే చెప్పాలా?

ఆ స్తంభం పక్కనే వేదాద్రి మాస్టారి పఠన మందిరం. బడిలో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఆ రేకుల గదిలో నాలుగు పత్రికలు, రెండు బీరువాల పుస్తకాలు, ఒక రూటరు పెట్టుకుని, వచ్చినవాళ్ళకు చదువు చెబుతున్నాడు. ఆయన దగ్గర ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. అందుకే ఊరికే అడిగేవాళ్ళు ఆయన జోలికి పోరు.

ప్రభుదాసు ఊరికే అడిగే రకం కాదు. ఇరవై మూడేళ్ళవాడు, ఆ రెండు బీరువాలూ అడుగు దాకా చదివేసినవాడు. నోరు తెరిస్తే నినాదం. "అడుక్కుంటే భిక్ష, నిలదీస్తే హక్కు" అంటాడు. "చివరి మనిషికి అందనిది ప్రగతి కాదు, దోపిడీ" అంటాడు. వాటిని ఏ పుస్తకంలోంచి తెచ్చుకున్నాడో అతనికే గుర్తులేదు. కాని వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అదే అతని బాధ. ఒక సోమవారం పొద్దున్నే వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, నాలుగు కరపత్రాలు వేశాను. ఒక్కొక్కటీ నిప్పు. అన్నీ నిజాలే. అయినా నిజం ఈ కొండ మీద నాలుగిళ్ళు దాటి పోవడం లేదెందుకు? ఇంకా గట్టిగా అరవాలా?"

మాస్టారు సొరుగు లాగి, అరచేతిలో ఇమిడే తెల్ల పెట్టె ఒకటి తీశాడు. వెనకాల ప్లగ్గు పుల్లలు, ముందు చిన్న దీపం.

"దీన్ని రేంజ్ ఎక్స్‌టెండర్ అంటారట. మా మేనకోడలు ఇచ్చిపోయింది. మన రూటరు చెప్పేది విని మళ్ళీ ముందుకు చెబుతుందట. గురువారం పదింటికి తిరుపతమ్మకు పరీక్ష. ఆమెకు అందేలా పెట్టిరా."

"మరి నా ప్రశ్న?"

"ముందు పెట్టిరా నాయనా."

తిరుపతమ్మది రెండువందల పదో మెట్టు, కొండకు ఆఖరి ఇల్లు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. జాకెట్లు కుడుతూ, ఒక కాలు మిషను మీదా ఒక కన్ను పుస్తకం మీదా పెట్టి, ఆరేళ్ళుగా దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. రాత పరీక్షలన్నీ అయ్యాయి. ఇక తను రాసిన ప్రాజెక్టు మీద పరీక్షకుడు వీడియోలో అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అదొక్కటే మిగిలింది. మూడు వారాల కిందట బిందెతో మెట్లెక్కుతూ పడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా కట్టు. మొబైల్ టవరు కొండకు అవతలి పక్కనుంది. ఆ ఇంట్లో ఫోను టైము చూసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకుపోతామంటే, "నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా? ఈ మెట్ల మీద మీ కాలు జారితే నాకు రెండోది కూడా పోద్ది" అంది. గురువారం తప్పిపోతే మళ్ళీ ఏడాదికే.

"ఇంకో ఏడాదంటే నా వల్ల కాదు తమ్ముడూ" అంది దాసుతో, నవ్వకుండా. "ఇప్పుడాగితే ఇక ఆగిపోవడమే. నాకు తెలుసు."

దాసుకు ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలన్న అనుమానమే రాలేదు. ఉన్న ఒక్క వస్తువు ఆఖరి ఇంటికే దక్కాలి. న్యాయం అంటే అదే. అందరికంటే లేనిచోటే అందరికంటే ముందు పెట్టాలి. మంగళవారం అరవై మెట్లూ ఎక్కి, తిరుపతమ్మ మిషను పక్కనున్న ప్లగ్గులో, ఏదో ప్రారంభోత్సవం చేస్తున్నంత గంభీరంగా గుచ్చాడు. దీపం ఎర్రగా వెలిగింది. తీసి మళ్ళీ గుచ్చాడు. ఎరుపే. మధ్యాహ్నం దాకా ఎరుపే.

"ఏంటి తమ్ముడూ, ఇది కూడా నీలాగే ఎర్రగా చూస్తోందే?" అంది తిరుపతమ్మ.

దాసు పెట్టె పీక్కుని కిందికి వచ్చాడు. "దగా మాస్టారూ! ఇది కూడా ఆ కార్పొరేటరు లాంటిదే. డబ్బా నిండా వాగ్దానాలు, లోపల సున్నా."

"ఎక్కడ పెట్టావు?"

"అవసరం ఎక్కడుందో అక్కడే. ఆఖరి ఇంట్లో."

"అక్కడ దానికి మన రూటరు అందుతోందా?"

దాసు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తనకే వినపడనిది ఆమెకేం చెబుతుందిరా?" అని మాస్టారు పత్రిక తిప్పుకున్నాడు.

బుధవారం దాసు ఫోను చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, తెర మీద రూటరు సిగ్నలు గీతలు లెక్కపెట్టాడు. నూట అరవై దగ్గర గీతలు నిండుగా ఉన్నాయి గాని, తిరుపతమ్మ ఇల్లు బండ చాటున ఉంది. రెండువందల దగ్గర ఇల్లు కనిపిస్తోంది గాని, గీతలు లేవు. నూట ఎనభయ్యో మెట్టు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. అక్కడ నిలబడితే కింద పఠన మందిరం రేకులూ, పైన తిరుపతమ్మ నీలం తలుపూ రెండూ కనిపిస్తాయి. గీతలు మూడు. బండ మీద పెడదామంటే బండకు కరెంటు లేదు. అక్కడున్నది ఒక్కటే ఇల్లు. ఆ ఇంటి వసారాలో ప్లగ్గు కూడా ఉంది.

అది శోభనాచలం ఇల్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. కార్పొరేటరు మెడలో ఏడో దండ వేసిన మనిషి. దాసు వేసిన మూడో కరపత్రమంతా ఆయన మీదే. దాని పేరు 'తొత్తు'.

దాసు ఆ మలుపులో చాలాసేపు నిలబడ్డాడు. శత్రువు గుమ్మంలో చెయ్యి చాచడం కంటే ఓడిపోవడం నయమని ఒక పుస్తకం అంది. ఓడిపోయేది తను కాదు, తిరుపతమ్మ అని ఏ పుస్తకమూ అనలేదు. ఆ సంగతి మాత్రం అతనికి స్వయంగా తట్టింది. తట్టాక కాళ్ళు వాటంతటవే వసారా ఎక్కాయి.

శోభనాచలం పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాడు. తలెత్తి చూసి, "ఓహో, ఎవరూ, ప్రజల గొంతా?" అన్నాడు. "తొత్తు గుమ్మం తొక్కావు. కాళ్ళు కాలలా?"

"ఒక ప్లగ్గు కావాలి బాబాయ్. రేపు పొద్దున గంటసేపు. తిరుపతమ్మక్క పరీక్షకి."

"ప్లగ్గుదేముంది, ఇస్తాను. ముందు నీ కాగితం చదువు." బియ్యం డబ్బా కింద నుంచి, మడతలు నలిగిన కరపత్రం లాగాడు. "పేరొక్కటే పెద్దచ్చు. మిగతాదంతా చీమ తలకాయంత వేయించావు. నా కంటికి ఆనలా. మా ఆవిడకి చదువు రాదు. వీధిలో ఎవర్నడిగినా నవ్వేసి పోతున్నారు. నన్ను ఏం తిట్టావో తెలీక రెండు నెలల్నుంచీ చస్తున్నా. చదువు, వింటాను."

దాసు చదివాడు. కాగితం మీద నిప్పులా ఉన్న మాటలు, ఎదురుగా గోరుచిక్కుడు తుంచుతున్న మనిషి ముందు ఒక్కొక్కటే చల్లారాయి. 'ఏలినవారి పల్లకీ కింద నలిగి మురిసే భుజం' అన్న చోట శోభనాచలం చెయ్యెత్తి ఆపాడు.

"ఆగాగు. అది బాగుంది. మళ్ళీ చదువు."

దాసు మళ్ళీ చదివాడు. అయ్యాక శోభనాచలం చేతులు దులుపుకున్నాడు.

"దండ వేసిన మాట నిజమే. మా ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయినయ్. తీగొస్తే డాక్టరు వీడియోలోనే చూస్తాడన్నారు. నమ్మి వేశాను. నమ్మినోణ్ణి తొత్తన్నావు, సరే. మరి ఆయన ఆ మాట అన్నప్పుడు నువ్వు మూడో వరసలో నిలబడి చప్పట్లు కొట్టలా? నేను చూశాగా."

నాలుగు కరపత్రాల్లో ఎక్కడా రాయని నిజం అది.

"కొట్టాను బాబాయ్."

"మరి కాగితంలో లేదే?"

శోభనాచలం లేచి, వసారాలో టీవీ ప్లగ్గు పీకి పక్కన పెట్టాడు. "పెట్టుకో. కాస్త వదులు, చూసుకో."

దీపం ఒక నిమిషం ఎర్రగా కొట్టుకుంది. ఇంకో నిమిషం పసుపు. తర్వాత ఆకుపచ్చగా వెలిగి, అలాగే నిలిచిపోయింది. పైనుంచి తిరుపతమ్మ కేక కొండంతా వినబడింది: "వచ్చిందోయ్ తమ్ముడూ! మా అక్క మొహం కనపడుతోంది! తెనాలిలో ఉన్న మనిషి మొహం!"

గురువారం పదయ్యేసరికి మెట్ల మీద జనం. నీళ్ళకు దిగిన ఆడవాళ్ళు బిందెలతో అక్కడే ఆగిపోయారు. ఒకామె కుక్కరు కూత వెయ్యకుండా పొయ్యి కట్టేసి వచ్చింది. పరీక్ష మొదలైన పది నిమిషాలకు తెర మీద పరీక్షకుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. దాసు మలుపుకి ఒక్క పరుగున వచ్చాడు. పెట్టె బరువుకు వదులు ప్లగ్గు కిందికి వాలిపోతోంది. అప్పటికే శోభనాచలం దాన్ని అరచేత్తో గోడకు అదిమి పట్టుకుని ఉన్నాడు. దీపం మళ్ళీ పచ్చబడింది.

"కూర్చో బాబాయ్, నేను పట్టుకుంటా."

"ఇరవయ్యెనిమిదేళ్ళు కదిలే బస్సులో నిలబడ్డాను. కదలని గోడ దగ్గర నిలబడలేనా? నువ్వు పైకి పోయి అక్కడేమవుతోందో చూసి చెప్పు. ఇక్కడికి వినపడ్డంలా నాకు."

దాసు ఎక్కుతూ దిగుతూ, విన్నది విన్నట్టు చెబుతూ పోయాడు. తిరుపతమ్మ ప్రాజెక్టు పేరు 'మా కొండ మీద నీళ్ళు'. పరీక్షకుడు కళ్ళజోడు సర్దుకుని, "ఇక్కడొక స్త్రీ ఏడాదికి మూడు లక్షల మెట్లు నీళ్ళ కోసమే ఎక్కి దిగుతుందని రాశారు. ఈ లెక్కకు ఆధారం ఏమిటమ్మా?" అన్నాడు.

"నా కాళ్ళండి" అంది తిరుపతమ్మ. ఫోను వంచి, తొడ దాకా ఉన్న కట్టు చూపించింది. "మిగతా ఆధారాలు బయట బిందెలతో నిలబడున్నాయి. చూపించమంటారా?"

పరీక్షకుడు ఆ కట్టు మీంచి చూపు తిప్పలేదు. మళ్ళీ తెర బిగుసుకుందేమోనని దాసుకు ప్రాణం పోయినంత పనయింది. బిగుసుకోలేదు. "నేను అడగాల్సినవి అయిపోయాయి" అన్నాడాయన మెల్లగా. "మీరింకా చెప్పండి. వింటాను."

ఆమె చెప్పింది. ఆరేళ్ళూ మిషను చప్పుడులో దాచుకున్నదంతా చెప్పింది. ఎన్నింటికి లేస్తారో, ఎవరి వంతు ఎప్పుడో, వానాకాలంలో ఏ మెట్టు జారుతుందో అంతా చెప్పింది. మలుపు దగ్గర శోభనాచలం, చెయ్యి తిమ్మిరెక్కినా దించకుండా, "ఏమందిరా? ఇప్పుడేమంది?" అని అడుగుతూనే ఉన్నాడు. నలభై నిమిషాలకు తెర ఆరింది. ఖాళీ బిందెల మీద దరువు మొదలైంది. ఆ దరువు మెట్టు మెట్టునా దిగి, కొండ కింద రోడ్డు దాకా పోయింది. కార్పొరేటరు మైకు కూడా ఎన్నడూ అంత దూరం వినపడలేదు. శనివారం ఫలితం వచ్చింది: ఫస్టుక్లాసు. ఆ కొండ మీద డిగ్రీ చదివిన మొదటి ఆడమనిషి తిరుపతమ్మ.

ఆ సాయంత్రం దాసు పఠన మందిరానికి వచ్చాడు. సోమవారం అడిగిన ప్రశ్నను మళ్ళీ అడగలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"అరచేత్తో అదిమి పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతాం మాస్టారూ? తీగ రావాల్సిందే. అరవై ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నానని మొదటి వాక్యంలోనే రాశాను. సోమవారం కార్పొరేటరు ఆఫీసుకి వెళ్ళి, అందరి ముందూ గట్టిగా చదివేస్తాను."

మాస్టారు కాగితం ఆసాంతం చదివాడు. రెండు చోట్ల కామాలు దిద్దాడు. తర్వాత కిటికీలోంచి పైకి, మలుపు వైపు చూశాడు.

"నువ్వు కాదురా. పెద్దక్షరాల్లో రాసి, ఏడో దండ వేసినాయన్ని చదవమను. అటూ ఇటూ అందేది ఆయన గొంతే. నువ్వు పక్కన నిలబడు." కలం అతని చేతిలో పెట్టాడు. "అడుగున గడువు తేదీ లేదే? నెల రోజులిద్దాం. వెయ్యి. జూలై పదో తేదీలోగా జవాబు కావాలి."