దీనమ్మ పిడికెడు బియ్యం

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఒక వంటిల్లు, ఆ వంటింట్లో పెద్ద వంటమనిషి దీనమ్మ. ఊఁ కొట్టండర్రా, కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను!

దీనమ్మ యేసుప్రభువును నమ్ముకున్న మనిషి. పొయ్యి ముట్టించేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. తన ఇంట్లో వండుకునేటప్పుడు, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. అది దేవుడి వంతు. ఆదివారం ఆ బియ్యం మందిరంలో ఇస్తే, దిక్కులేనివాళ్లకి గంజి కాచి పోసేవారు.

ఆమె స్నేహితురాలు రాహేలమ్మ. ఇద్దరూ మందిరంలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. రాహేలమ్మకి పని లేకపోతే దీనమ్మే రాజుగారిని బతిమాలి వంటింట్లో పెట్టించింది. మూడు నెలలు తిరక్కుండానే రాహేలమ్మ కన్ను పెద్ద వంటమనిషి గరిటె మీద పడింది. ఏం చెప్పమంటారు!

మొదట వెళ్లి రాజుగారి చెవి కొరికింది. "దీనమ్మ అన్నం మీద ఏవో మంత్రాలు చదువుతోంది మహారాజా!"

రాజు పిలిచి అడిగాడు. "మంత్రాలు కావు మహారాజా, తిన్నవాళ్లకి హాయిగా అరగాలని ప్రార్థన," అంది దీనమ్మ. రాజు పొట్ట నిమురుకుని, "అరుగుతోంది, అరుగుతోంది! కానివ్వు," అన్నాడు.

రెండోసారి, విందు రోజున రాహేలమ్మ చారులో దోసెడు ఉప్పు పోసేసింది. దీనమ్మ చారు రుచి చూసింది. రాహేలమ్మ వేళ్లకంటిన ఉప్పు కూడా చూసింది. ప్రాణం చివుక్కుమంది. "ప్రభువా, నా నోరు జారనివ్వకు," అనుకుని ఆ చారును మూడు గంగాళాల్లోకి పంచింది. నీళ్లూ చింతపండు పులుసూ ములక్కాడలూ వేసి మళ్లీ మరిగించింది. ఆ రోజు రాజుతోపాటు కాపలావాళ్లు కూడా చారు జుర్రుకుని తాగారు!

మూడో దెబ్బ మాత్రం మామూలుది కాదు. ఒక బుధవారం సాయంత్రం రాహేలమ్మ మళ్లీ రాజు దగ్గరికి వెళ్లింది. "దీనమ్మ రోజూ మీ సన్నబియ్యం ఎత్తుకుపోతోంది. ఆవిడ ఇంట్లో కుండ చూడండి," అంది. భటులు కుండ తెచ్చి, దీనమ్మ ఎదుటే మూత తీశారు. పైన తెల్లగా సన్నబియ్యం! రాజుగారింట దొంగతనం చేస్తే ఊరు విడిచిపోవాల్సిందే. అది ఆ రాజ్యంలో చట్టం.

దీనమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు మూసుకుని, "ప్రభువా, నా చేతులు నీకు తెలుసు," అంది. కళ్లు తెరిచి తన చేతుల వంక చూసుకుంది. అంతే, ధైర్యం వచ్చేసింది.

"మహారాజా, నేను కుండలో వేసేది మా ఇంటి ముతక ఎర్రబియ్యం. మొన్న ఆదివారం కుండ ఖాళీ చేశాను. సోమవారం రెండు పూటలా రెండు పిడికిళ్లు వేశాను. మంగళవారం రెండు. ఈ పొద్దున ఒకటి. పైనున్న మీ బియ్యం తీయించి, అడుగున ఏముందో చూడండి."

సన్నబియ్యం తీశారు. కింద అంతా ఎర్రబియ్యమే. దీనమ్మ తన పిడికిలితోనే తీసి పళ్లెంలో పోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. కుండ ఖాళీ!

"అయితే ఈ పొద్దుటి పిడికెడు పడ్డాకే ఎవరో సన్నబియ్యం పోశారన్నమాట!" అన్నాడు రాజు.

"దీనమ్మగారు పొద్దుట్నుంచి కోట గడప దాటలేదండి," అన్నాడు ద్వారపాలకుడు. "రాహేలమ్మగారే మధ్యాహ్నం తలనొప్పంటూ వెళ్లొచ్చారు. కొంగులో మూట కూడా ఉంది."

రాహేలమ్మ మొహం మాడిపోయింది. రోజూ తనూ పిడికెడు తీసే మనిషే అయితే అడుగునున్న పిడికిళ్లే లెక్క చెబుతాయని ముందే తట్టేది. ఆ అలవాటు ఎప్పుడో మానేసిందాయె!

"ఈవిణ్ణి ఊరు దాటించండి!" అని గద్దించాడు రాజు.

దీనమ్మ అడ్డం వచ్చింది. "నాకు మాత్రం కోపం లేదా మహారాజా? కడుపు మండిపోతోంది. కానీ నన్ను క్షమించిన ప్రభువు ముందు ఆదివారం ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ఊళ్లో ఉండనివ్వండి."

రాజు మీసం దువ్వుకుని ఆలోచించాడు. "సరే, ఉండనిస్తాను. వంటింట్లో మాత్రం అడుగు పెట్టకూడదు. ఆ సన్నబియ్యం కూడా మీ గంజిలోనే వెయ్యి."

ఆదివారం మందిరం ముందు గంజికోసం జనం బారు తీరారు. అందరికంటే చివర రాహేలమ్మ, తల వంచుకుని, గిన్నె పట్టుకుని నిలబడింది. దీనమ్మ గరిటె నిండా పోసింది. ఎర్రబియ్యంలో అక్కడక్కడా తెల్లటి సన్నబియ్యం మెతుకులు. రాహేలమ్మ వాటిని గుర్తుపట్టి బోరుమంది.

"ఏడుపు తర్వాత, ముందు తాగవే, చల్లారిపోతుంది," అంది దీనమ్మ. "తాగి లోపలికి రా. చాప మీద నీ చోటు ఖాళీగానే ఉంచాను."

అందుకేనర్రా, నమ్మినవాళ్లు వెన్నుపోటు పొడిచినా, నమ్ముకున్న దేవుణ్ణి విడవకూడదు, చేసే మేలు మానకూడదు.