ఇరవై మూడు పోగుల మాణిక్యమ్మ

ఒకప్పుడు మనిషి ఒంట్లో దాదాపు ఏ కణం చూసినా నలభై ఆరు పోగులుండేవి. అవే క్రోమోజోములు. ఇరవై మూడు జంటలుగా ఉండేవి. జుట్టు రంగు, గొంతు, నడక అన్నీ వాటిలోనే అల్లి ఉండేవి.

చర్మంలో, ఎముకలో కణాలు ఒకటి రెండయ్యేటప్పుడు ఒక్క పోగు తగ్గనిచ్చేవి కావు. అండాశయంలో ఉండే మాణిక్యమ్మ అనే కణానికి ఆ పట్టింపు మరీ ఎక్కువ. "ఇస్తే నిండుగా ఇస్తాం. అరకొర పనులు మా ఇంటా వంటా లేవు" అని లేని మీసం మెలేసేది.

కానీ ఆమె పంపిన అండం ఒక్కటీ బిడ్డ కాలేదు. నాన్న కణం, అంటే వీర్యకణం కూడా నలభై ఆరు పోగులూ మోసుకొచ్చేది. రెండూ కలిస్తే తొంభై రెండు. అన్నీ చిక్కుపడి, బిడ్డ మొదట్లోనే ఆగిపోయేది.

"ఎక్కడ తక్కువ చేశాను?" అని మాణిక్యమ్మ కుమిలిపోయింది.

ఒళ్లంతా తిరిగొచ్చే ఎర్రకణం రత్తమ్మ అటుగా పోతూ ఆగింది. ప్రాణవాయువు మోయడానికి చోటు కావాలని తన పోగులన్నీ ఎప్పుడో వదిలేసిన మనిషి ఆమె.

"తక్కువ కాదు వదినా, ఎక్కువైంది. ఇప్పుడే మెడ దాకా వెళ్లొచ్చాను. తాళికి రెండు పుస్తెలున్నాయి. పుట్టింటివాళ్లది ఒకటి, అత్తింటివాళ్లది ఒకటి. ఒకళ్లే జత తెస్తే రెండోవాళ్ల పుస్తెకు చోటేదీ?"

"సగమే ఇస్తే లోకం నవ్వదా?"

"నవ్వనీ. బిడ్డ బతకాలా, నీ పంతం బతకాలా?"

మాణిక్యమ్మ జంట పోగులను పక్కపక్కన నిలబెట్టింది.

"విడిపోతున్నారు. ఒకరి గుర్తు ఒకరు ఉంచుకోండి" అంది.

అవి పెనవేసుకుని చిన్న చిన్న ముక్కలు మార్చుకున్నాయి. అప్పుడు ప్రతి జంటనూ విడదీసి, ఇరవై మూడు పోగులతో అండాన్ని సాగనంపింది.

నాన్న కణం వచ్చి చూసింది. లోపల సగం చోటు తనకోసం ఖాళీగా ఉంది. "ఇంత పెద్దమనసా? మేమేమైనా తక్కువ తిన్నామా" అని గడపలోనే తన జంటలనూ విడదీసి, ఇరవై మూడింటితో లోపల అడుగుపెట్టింది.

నలభై ఆరూ చక్కగా కుదిరాయి. బిడ్డ పెరగసాగింది. సగమిచ్చిన మాణిక్యమ్మకు నిండుగా ఇచ్చిన రోజుల్లో కూడా లేనంత గర్వం కలిగింది.

అప్పటినుంచే మిగతా కణాలన్నీ నలభై ఆరు పోగులతో రెండవుతున్నా, అండమూ వీర్యకణమూ మాత్రం ఇరవై మూడింటితోనే బయలుదేరతాయి. పసిబిడ్డను చూసి "నుదురు అచ్చం మాదే" అని అమ్మమ్మ, "చెవులు చూడు, మావే" అని నానమ్మ మురిసిపోతారు. ఇద్దరి మాటా నిజమే.