మాచమ్మ గన్నేరు, కోనప్ప తంగేడు

అనగనగా ఒక ఎర్రమట్టి రాజ్యం. దాని పేరు ఎర్రకోన. చుట్టూ రాళ్ల గుట్టలు, నెత్తిన మండే సూర్యుడు. ఆ రాజ్యానికి వాన దూరపు చుట్టం లాంటిది. ఎప్పుడో వచ్చేది, వచ్చిన పూటే వెళ్లిపోయేది.

ఎర్రకోనను భువనపాలుడనే రాజు ఏలుతున్నాడు. ఆయనకు ఒక్కతే కూతురు, కుందన. ఒక ఏడు నడివేసవిలో ఆ పసిదానికి విషజ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఒంటి మీద తడిగుడ్డ ఆరకూడదన్నారు వైద్యులు. కోట బావి చూస్తే అడుగంటిపోయింది.

ఆ మాట ఊళ్లో పాకింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆజ్ఞ వేయలేదు. తెల్లవారేసరికి కోట వాకిట కడవలు, ముంతలు, చెంబులు బారులు తీరి ఉన్నాయి. అన్నీ జనం తాగడానికి దాచుకున్న నీళ్లే. జ్వరం తగ్గేదాకా ఆ బారు తెగలేదు. పిల్ల బతికింది.

రాజు కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత చేసినవాళ్లకు నేనేం ఇచ్చుకోగలను?" అని రాణిని అడిగాడు.

"మన బిడ్డ కోసం వాళ్లు పెరటి మొక్కల్ని కూడా ఎండబెట్టుకున్నారు," అంది రాణి. "ఊళ్లో తలలో పెట్టుకుందామంటే ఒక్క పువ్వు లేదు. ఇంటింటికీ ఒక పూలమొక్క ఇవ్వండి. కాని అది నీళ్లు అడగని మొక్క అయి ఉండాలి."

రాజుకు ఆ మాట నచ్చింది. వెంటనే దండోరా వేయించాడు. నీళ్లు లేకున్నా పూసే మొక్క ఎవరి దగ్గరున్నా తేవచ్చు. గెలిచిన మొక్క ఇంటింటికీ వెళుతుంది. దాన్ని తెచ్చినవారికి రాజుగారి తోట అప్పగిస్తారు. తోటలో ఒక ఇల్లు, దాని పక్కనే ఎన్నడూ ఎండని ఊటబావి.

ఊరి చివర గుడిసెలో మాచమ్మ అనే పూలావిడ ఉండేది. భర్త పోయాడు. మల్లెతోట ఎండిపోయింది. దడి పక్కనున్న గన్నేరు మాత్రం కరువును లెక్కచేయక ఎర్రగా పూస్తూనే ఉండేది. కొండల అవతలి పుట్టింటి నుంచి తెచ్చుకున్న మొక్క అది. ఎర్రకోనలో మరెవరికీ దాని సంగతి తెలియదు. ఆ పూలే మాల కట్టి గుడికి ఇచ్చి, మాచమ్మ ఇంత గంజి తాగేది. రోజూ పొద్దున్నే కొమ్మను తాకి కళ్లకద్దుకునేది. "నువ్వు పూయకపోతే నేను లేను తల్లీ," అనేది.

దండోరా విని ఆమె ఒక కుండీలో పెంచిన గన్నేరును నెత్తిన పెట్టుకుని కోటకు బయలుదేరింది. ఇంకెవరి దగ్గర బతికిన మొక్కలున్నాయి గనుక? మరొక్కడే వచ్చాడు. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసే ముసలి కోనప్ప. అతని చేతిలో పగిలిన బాన, అందులో విత్తనం వేసి పెంచిన ఒక తంగేడు మొక్క.

"తంగేడా! గుట్టమీద ఎక్కడ చూసినా అదే కదా!" అని జనం నవ్వారు. కోనప్ప కూడా వాళ్లతోపాటే నవ్వాడు.

రాజు మూడు పరీక్షలు పెట్టాడు.

మొదటిది ఎండ. రోహిణీకార్తెలో రెండు మొక్కల్నీ నల్లరాతి బండ మీద పెట్టించాడు. చుక్క నీరు పోయలేదు. బండ మీద కాలు మోపితే బొబ్బలెక్కే ఎండ. గన్నేరు ఆకులు కాస్త ముడుచుకున్నాయి. తంగేడు రెండు ఆకులు రాల్చింది. అంతే. రెండూ నిలిచాయి.

రెండోది మేకలు. ఆకలి మీదున్న మందను వదిలారు. మేకలు గన్నేరును వాసన చూసి తల తిప్పుకున్నాయి. తంగేడును కొరికి ఉమ్మేశాయి. రెండూ నిలిచాయి.

మూడోది పూలు. తంగేడు పసుపు గుత్తులు బాగానే ఉన్నాయి. కాని గన్నేరు ముందు అవేపాటి! కొమ్మ కొమ్మకూ కుంకుమరంగు పూలు, గాలి వీస్తే తియ్యని వాసన. చూసినవాళ్లంతా "గన్నేరే! గన్నేరే!" అని కేకలు వేశారు.

రాజు చిరునవ్వుతో మాచమ్మ మెడలో మాల వేయించాడు. ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు. గంజి కోసం ఎదురుచూసే రోజులు పోయాయి. ఇక తోట తనది, ఊటబావి తనది.

పంచే రోజు రానే వచ్చింది. మాచమ్మ ఇంటి గన్నేరు కొమ్మలు కోసి, తడి గుడ్డల్లో చుట్టి, కోట వాకిట పేర్చారు. గన్నేరు కొమ్మ గుచ్చితే చాలు, నాటుకుంటుంది. ఊరంతా వచ్చి వరసలో నిలబడింది. అందరికన్నా ముందు నిలబడింది పోలి అనే ఇల్లాలు. చంకలో పిల్లవాడు. ఆ పిల్లవాడికి పళ్లు వస్తున్నాయేమో, తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నములుతున్నాడు.

"మాచమ్మక్కా, నీ చేత్తోనే ఇయ్యి," అంది పోలి సంతోషంగా. "మా వాకిలి ఇరుకు. ఉయ్యాల కట్టిన గుంజ పక్కనే నాటుకుంటా. వీడు పడుకుని పూలు చూస్తుంటాడు. చెయ్యి చాపితే అందుతాయి కూడా."

కొమ్మ అందించబోయిన మాచమ్మ చెయ్యి ఆగిపోయింది.

మొక్క ఇస్తూ తల్లి చెప్పిన మాట గుర్తొచ్చింది. "దీని పాలు నోటికి తగలనీయకు. కోశాక చేతులు కడుక్కో." గడ్డిలో కలిసిన ఎండు గన్నేరాకులు తిని, పుట్టింట్లో ఒక దూడ నిలబడ్డచోటే కూలిపోవడం తన కళ్లతో చూసింది. తన గుడిసెలో పిల్లలు లేరు, పశువులు లేవు. అందుకే ఇన్నాళ్లూ ఆ భయం మరుగున పడింది.

'నాకు అన్నం పెట్టిన మొక్క. పదిమందిలో దాన్ని విషమని ఎలా అనడం? అంటే తోట పోతుంది, బావి పోతుంది. అనకపోతే?'

పిల్లవాడు కొమ్మ కోసం చెయ్యి చాపాడు.

మాచమ్మ కొమ్మను వెనక్కి తీసుకుంది. గబగబా వెళ్లి రాజు ముందు మోకరిల్లింది.

"ప్రభూ, పంపకం ఆపించండి. ఈ మొక్కలో విషం ఉంది. వేరు నుంచి పువ్వు దాకా ఉంది. పెద్దవాళ్లుండే చోట ఫరవాలేదు. పాకే పిల్లలు, పశువులు ఉన్న వాకిట్లో వద్దు. ముందే చెప్పవలసింది. గెలిచిన సంబరంలో నాకు తోచలేదు."

మంత్రి ముఖం చిట్లించాడు. "ప్రభూ, దండోరా వేసి పిలిచాం. ఇప్పుడు ఉత్తచేతులతో పంపితే నవ్వులపాలవుతాం," అన్నాడు.

రాజు అతనివైపు చూడలేదు. "ఈ మాట చెబితే నీ గెలుపు పోతుందని నీకు తెలుసా?" అని మాచమ్మను అడిగాడు.

"తెలుసు ప్రభూ." ఆమె చేతిలోని కొమ్మ వైపు చూసింది. "ఈ మొక్క నన్ను బతికించింది. దీని వల్ల ఒక బిడ్డ పోతే, ఆ పాపం నాతో పాటు దీనికీ అంటుతుంది. దానికా గతి పట్టించలేను."

రాజు తన ఆసనం దిగి వచ్చాడు. స్వయంగా ఆమెను లేవనెత్తాడు.

"అమ్మా! నా బిడ్డను బతికించినవాళ్ల బిడ్డలకు నా చేత్తో విషం పంచబోయాను. నువ్వు వాళ్లనే కాదు, నన్నూ కాపాడావు," అన్నాడు.

తర్వాత కోనప్పను పిలిచాడు. "పెద్దయ్యా, నీ తంగేడులో ఏ లోపమూ లేదా?"

"లేకేం ప్రభూ!" అన్నాడు కోనప్ప. "వాసన లేదు. గుట్టమీద మొక్కను పెకలించి తెచ్చి నాటితే చచ్చిపోతుంది. విత్తనం వేసి, మొదటి ఏడు ఓపిగ్గా కాచుకోవాలి. నన్నూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ తల్లిని చూశాక దాచబుద్ధి కాలేదు. మంచి కూడా ఉంది. పిల్లలు తుంచి ఆడుకున్నా భయం లేదు. ఒకసారి వేరు దిగితే నీళ్ల కోసం మళ్లీ మీ వైపు చూడదు."

రాజు ఫక్కున నవ్వాడు. వరసలోని జనం కూడా నవ్వారు.

ఆ రోజు ఎవరూ ఉత్తచేతులతో వెళ్లలేదు. ఇంటింటికీ గుప్పెడు తంగేడు విత్తనాలు అందాయి. గన్నేరు కొమ్మల్ని ఇళ్లకు, పశువుల మేతకు దూరంగా, కోట అగడ్త గట్టు మీద నాటించారు. దాని గుణం అందరికీ తెలిసేలా ఊరూరా చాటించారు. రాజుగారి తోటను మాచమ్మకు, కోనప్పకు కలిపి అప్పగించారు.

తొలకరికి విత్తనాలు మొలకెత్తాయి. మరుసటి ఏడు వాన మళ్లీ మొహం చాటేసింది. అయినా ఎర్రకోనలో ప్రతి గుమ్మం ముందూ పసుపు గుత్తులు విరగబూశాయి. అగడ్త గట్టు పొడవునా ఎర్రని గన్నేరు నిలబడింది. ఆ పూలు కోయడానికి మాచమ్మ వెళితే, దారిలో ప్రతి ఇల్లాలూ ఆమెను ఆపి, తన వాకిట పూసిన తంగేడు పువ్వొకటి తలలో తురిమేది. ఇంటికి చేరేసరికి ఆమె కొప్పు పసుపుముద్దలా ఉండేది.

చిన్నారులూ! ఇచ్చేదానిలోని మంచితో పాటు చెడునూ దాచకుండా చెప్పి ఇచ్చేవారే మన మేలు కోరేవారు.